దూపైతుందన్న దయ్యం

బిడ్డలారా,

తాత దీవెనలు. దసరాకు మీ పెద్దన్న చెప్పిన కథకు రెండు రాత్రులు లైటు ఆర్పనియ్యలేదట గదా! పాటి మీది చింతచెట్టు కింద తెల్లచీర ఆడమనిషి నిలబడి దూపైతుందని, అంటే దాహమైతుందని నీళ్ళు అడుగుతది, నీళ్ళు పోసినోడు మూడోనాడు చస్తడు. గదే గదా? నాకూ మీ అంతున్నప్పుడు ఇదే చెప్పిండ్రు. కాకుంటే అప్పుడు చీర రంగు చెప్పలే. తెల్లచీర టీవీలొచ్చినంక కట్టుకున్నట్టుంది.

పాటి అంటే ఊరు లేచిపోయిన జాగ. నాగలి పెడితే కుండ పెంకులు, గాజు ముక్కలు, బూడిద మన్ను పైకొస్తయి. ఆ మన్ను పొలానికి బలమని బండ్లకొద్దీ తోలుకుంటరు. పెద్దబంకూరుల, గోదావరి ఒడ్డున కోటిలింగాలల ఇట్లాంటి జాగలు తవ్వితే శాతవాహనుల నాణేలు దొరికినయి. మన పాటి అంత పాతది కాదు.

మా నాయన పట్వారీ, ఊరి భూముల లెక్కలు రాసేటోడు. ఆయన దఫ్తర్ల ఆ ఊరి పేరు పక్కన ‘బేచిరాగ్’ అని రాసి ఉండేది. చిరాగ్ అంటే దీపం. దీపం పెట్టే ఇల్లు ఒక్కటి లేని ఊరన్నట్టు. నిజాం కాలపు రెవెన్యూ మాట అది. మనుషులు పోయినా కాగితంల ఊరు పోదు. మన చెలక పాసుబుక్కు తీసి చూడుండ్రి, ఇప్పటికీ ఆ ఊరి పేరే ఉంటది.

చెరువు కట్ట తెగి లేచిన ఊర్లున్నయి, కరువుకు లేచినయి ఉన్నయి. 1963ల పునాది పడ్డ పోచంపాడు ప్రాజెక్టు కింద మునిగినయి ఉన్నయి. మన పాటిని లేపింది మాత్రం గత్తర.

గత్తర అంటే కలరా. మా బాపమ్మ ఆ ఊర్లనే పుట్టింది, అప్పటికి మీ అంత పిల్ల. పొద్దున నాగలి కట్టిన మనిషి పొద్దుగూకేసరికి లేడనేది. వాంతులు, విరేచనాలతోటి ఒంట్ల నీళ్ళన్నీ పోతయి. కండ్లు గుంటలు పడతయి, వేళ్ళు ముడుతలు పడతయి, గొంతు పోయి గుసగుస ఒక్కటే మిగులుతది. ఆ గుసగుసతోటి అడిగేది ఒకటే: దూపైతుంది. నీళ్ళిస్తే రోగం ముదురుతదని ఎవ్వరూ ఇయ్యకపోయేది. బాపమ్మను కన్నతల్లి అట్లనే అడుక్కుంట పోయింది. చెంబు మంచం పక్కనే ఉండెనట.

ఇగ మీ అన్న చెప్పిన కథ మళ్ళొకసారి యాది చేసుకోండ్రి.

పాటి మీదున్న పాత బావి నీళ్ళు ముట్టొద్దని జనం అనుడు నిజమే. రోగమొచ్చినోళ్ళ బట్టలు అక్కడనే పిండిండ్రు, ఊరంత ఆ నీళ్ళే తాగింది. 1884ల రాబర్ట్ కోచ్ అనే జర్మనీ డాక్టరు కలకత్తాల ఒక చెరువు నీళ్ళల్ల ఈ క్రిమిని పట్టుకున్నడు. ఆ కబురు మన పల్లెకు ఎన్నడు రావాలె! కానీ మనిషికి నీళ్ళియ్యకపోవుడే పెద్ద తప్పైంది. 1971ల బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంల సెలైన్ చాలకపోతే దిలీప్ మహలనబీస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాపి మస్తు మందిని బతికించిండు. మీకు కడుపు చెడితే మీ అమ్మ కలిపిచ్చే ఓఆర్ఎస్ పొట్లం అసొంటిదే.

రాత్రిపూట కీచుమనేది తెల్ల గుడ్లగూబ, మొండిగోడల పిల్లలు పెడతది. మరి బేచిరాగ్ ఊర్ల రాత్రిపూట కనబడే వెలుగులెక్కడివంటరా? గుప్తనిధులోళ్ళ టార్చిలైట్లు. దయ్యం కథ వాళ్ళకు బాగ అక్కరకొస్తది, జనం ఆ దిక్కు పోరు గదా. పోయినేడు పోచమ్మ గద్దె కింద నడుములోతు గుంత తవ్విపోయిండ్రు. దయ్యం వాళ్ళనేమీ అనలే!

బాపమ్మ బతికున్నన్ని రోజులు పోయిన పెద్దలను యాది చేసుకునే పెత్తరమాస నాడు అయ్యగారికి బియ్యమిచ్చినంక ఒక్కతే పాటి దిక్కు పోయేది. నేనొక్కసారి వెంటబడి పోయిన. చింతచెట్టు మొదట్ల కొత్త కుండ దించి, మూత తీసి, “తాగవే అవ్వా” అని పక్కకు జరిగి కూసున్నది. చానసేపు కూసున్నది. నాకు ఆకలై ఇంటికి పోదామని ఏడ్చిన.

సంక్రాంతికి రాండ్రి, పగటిపూట తీస్కపోత. బూట్లేసుకోవాలె, పాములుంటయి. బావికి గోడ లేదు, అక్కడ నా చెయ్యి ఇడవద్దు. చింతచెట్టు కింద కుండ పెంకులు కుప్పలుంటయి. అన్నీ పాతకాలపువి అనుకునేరు, సగం మా బాపమ్మవే.

మీ తాత