కంపెనీ మూతపడింది, కారు మాత్రం తిరుగుతోంది

చిరంజీవులైన పిల్లలకు,

మీ తాతయ్య ఆశీస్సులు. పాత కార్ల ప్రదర్శన చూసొచ్చిన బుజ్జిగాడు నాకో ప్రశ్న పంపాడు. "తాతయ్యా, ఆ కారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడిందట. మరి కారు చెడిపోతే ఎవర్ని అడుగుతారు?" ఇంట్లో పెద్దవాళ్ళు "మెకానిక్కుని" అనేసి ఊరుకున్నారట. అదేం జవాబు? ఆ మెకానిక్కు ఎవర్ని అడగాలి? అతను పుట్టకముందే పుట్టిన కారాయె!

మీరు బొంత చూసే ఉంటారు. పాత బట్టల ముక్కలన్నీ పక్కపక్కన పెట్టి కుట్టిన దుప్పటి. చిన్నప్పుడు మేం మా నాయనమ్మ బొంత మీద పడుకుని, ఒక్కో ముక్క మీద వేలు పెట్టి "ఇదెవరిది?" అని అడిగేవాళ్ళం. "అది మీ పెదనాన్న చొక్కా, మోచేతి దగ్గర చిరిగితే ఇందులోకొచ్చింది. ఈ నీలంది మాత్రం మొదట్లో లేదు, ఎలక కొరికితే తర్వాత వేశాను" అని అన్నీ చెప్పేది. పాత కారు కూడా అలాంటి బొంతే. యాభై అరవై ఏళ్ళు తిరిగిన బండిలో పెట్రోలూ గాలీ కలిపే కార్బ్యురేటరు ఒక ఏడాదిది, లైట్లు ఇంకో మోడల్‌వి, సీట్లు ఎవరో కుట్టించినవి. కార్ఖానాలో వేసిన ముక్క ఏదో, తర్వాత అతికించిన ముక్క ఏదో చూడగానే తెలియదు. అది తెలియకుండా బాగుచేయడం మొదలుపెడితే, అతుకు మీద అతుకు పడుతుందంతే. అంచేత పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు ముందు వెతికేది విడిభాగాలు కాదర్రా, ఆ బొంత సంగతులు తెలిసిన నాయనమ్మని.

ఆవిడ ఉండేది కాగితాల్లో. కారు కార్ఖానా గడప దాటేటప్పుడు ఒక గుమస్తా పెద్ద ఖాతా పుస్తకంలో ఓ వరుస రాసేవాడు: ఛాసిస్ (అంటే కారు కింది ఇనుప చట్రం) నంబరు ఇంత, ఇంజను నంబరు ఇంత, రంగు ఫలానా, ఫలానా తేదీన ఫలానా ఊరికి పంపాం. పాపం ఆ గుమస్తా ఆ రోజు పని తెమిలితే చాలనుకుని ఉంటాడు. తన చేతిరాత కోసం తర్వాతి తరాలవాళ్ళు ఖండాలు దాటి వెతుక్కుంటారని అతనికేం తెలుసు! కంపెనీలు మూతపడ్డాక అలాంటి పుస్తకాలు కొన్ని చెత్తలో కలిశాయి, కొన్ని బతికాయి. ఇంగ్లండులో గేడన్ అనేచోట బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఉంది. ఆస్టిన్, మోరిస్, ఎం.జి. లాంటి కార్ల రికార్డులు చాలా అక్కడ భద్రంగా ఉన్నాయి. ఇంట్లో కూర్చునే ఛాసిస్ నంబరు పంపి, రుసుము కడితే, పుస్తకంలో ఆ వరుస వెతికి ధ్రువపత్రం రాసిస్తారు. ఎర్ర కారని మురిసిపోతున్న యజమానికి "ఇది పుట్టినప్పుడు ఆకుపచ్చది" అని జవాబు వచ్చినా రావచ్చు.

కొన్ని కార్లకు ఇద్దరు నాయనమ్మలు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు రోల్స్ రాయిస్ అమ్మింది ఛాసిస్సూ ఇంజనూ మాత్రమే, పైన బాడీ వేరే కంపెనీలు కట్టేవి. కాబట్టి తలుపు పిడి గురించి ఒకచోట అడగాలి, గేరుబాక్సు గురించి ఇంకోచోట.

ఎవర్ని ఏం అడగాలన్నా మొదట నంబరు కావాలి. ఈ కాలం కార్లకు 17 అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తింపు నంబరు ఉంటుంది. అమెరికాలో 1981 మోడళ్ళ నుంచి ఆ పద్ధతి ఖాయం చేశారు. అందులో ఇంగ్లీషు అక్షరాలు ఐ, ఓ, క్యూ ఉండనే ఉండవు, ఒకటితోనూ సున్నాతోనూ కలగాపులగం అవుతాయని. అంతకుముందు ఎవరి ఇష్టం వారిది. ఒకరు ఇంజను వెనక రేకు గోడకి పలక బిగించేవారు, ఇంకొకరు ఛాసిస్ ఇనుము మీదే సుత్తితో అంకెలు కొట్టేవారు. పైన నాలుగు పూతల రంగు ఉంటే అది కనిపించడానికే ఒక పూట పడుతుంది.

నంబరు దొరికాక పుస్తకాలు. యజమానికి ఇచ్చే పుస్తకం ఒకటి, మెకానిక్కుల కోసం వేసింది ఒకటి, ప్రతి నట్టుకీ బొమ్మా నంబరూ ఉండే విడిభాగాల జాబితా ఒకటి. ఇవి ఒకప్పుడు పాత పుస్తకాల దుకాణంలో అదృష్టం ఉంటే దొరికేవి. ఇప్పుడు ఎవరెవరో ఓపిగ్గా పేజీ పేజీ స్కాన్ చేసి పెట్టారు. 1996లో మొదలైన ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్ గ్రంథాలయంలో అలాంటివి కుప్పలుగా ఉన్నాయి. బ్రిటిష్ కంపెనీల చరిత్ర కావాలంటే గ్రేసెస్ గైడ్ అనే వెబ్‌సైటు ఉంది. పేటెంట్లు, అంటే కొత్తది కనిపెట్టినవాళ్ళు తీసుకునే హక్కు పత్రాలు, కూడా చదువుకోవచ్చు. కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల బండికి 1886 జనవరి 29న అడిగిన పేటెంటు, నంబరు 37435, దాని బొమ్మతో సహా చూడవచ్చు.

నాకన్నిటికంటే ముచ్చటైంది ఫోర్డ్ మోడల్ టి పుస్తకం. 1908 నుంచి 1927 వరకు కోటీ యాభై లక్షల దాకా తయారైన కారది. కొన్నవాళ్ళలో చాలామందికి అదే మొదటి కారు. అందుకని వాళ్ళ పుస్తకాన్ని ప్రశ్నలూ జవాబులుగా రాశారు, అచ్చం బుజ్జిగాడి కోసం రాసినట్టు. బండి కదిలించే ముందు ఏం చేయాలి? ఇంజనుని చల్లబరిచే రేడియేటర్లో శుభ్రమైన నీళ్ళు పోయాలి. శుభ్రమైనవి దొరక్కపోతే పల్చటి గుడ్డలో వడకట్టి పొయ్యాలి, లేదంటే సన్న గొట్టాల్లో మడ్డి అడ్డుపడుతుంది. ఆ కారులో పెట్రోలు ట్యాంకు ముందు సీటు కింద ఉండేది, పంపు లేదు, పెట్రోలు దానంతటదే కిందికి జారి ఇంజనుకి చేరాలి. ట్యాంకులో పెట్రోలు తక్కువుండి, ముందు నిటారు కొండ ఉంటే? ట్యాంకు కిందికీ ఇంజను పైకీ అయి, పెట్రోలు పారడం ఆగిపోతుంది. అప్పుడు ఆ మారాజులు కారుని వెనక్కి తిప్పి, రివర్సు గేరులో కొండెక్కేవారు! ఇది చదివిన రోజు నేనొక్కణ్ణే కూర్చుని పగలబడి నవ్వాను.

మా చిన్నప్పటి ముచ్చట ఒకటి. మాకు తెలిసిన డాక్టరుగారి కారు ముందు, రేడియేటరు కింద, ఒక బెజ్జం ఉండేది. ఇంజను స్టార్టు చేయడానికి డ్రైవరు వంకర ఇనుప కడ్డీ అందులో దూర్చి తిప్పేవాడు. మేమంతా చుట్టూ మూగేవాళ్ళం, ఆయన "దూరం, దూరం" అని కసిరేవాడు. ఆయన చెయ్యి నాకిప్పటికీ కళ్ళకు కడుతుంది. కడ్డీ పట్టుకుంటే బొటనవేలు మిగతా నాలుగు వేళ్ళ పక్కనే ఉండేది, చుట్టూ తిప్పి పట్టేవాడు కాదు. ఎప్పుడూ కిందినుంచి పైకి లాగేవాడే గాని, పైనుంచి కిందికి తోసేవాడు కాదు. ఎందుకని అడిగితే "చెయ్యి మిగలాలిగా" అన్నాడు. చాలా ఏళ్ళ తర్వాత ఒక పాత పుస్తకంలో చదివితే అర్థమైంది. ఇంజనులో నిప్పురవ్వ వేళకు ముందే పడితే పిస్టన్ వెనక్కి తన్నుతుంది, దాంతో కడ్డీ కూడా ఎదురు తిరుగుతుంది. బొటనవేలు చుట్టూ బిగించి పట్టుకున్నవాడి మణికట్టు విరిగినట్టే. 1912 మోడల్ కాడిలాక్‌లో ఛార్లెస్ కెటరింగ్ విద్యుత్ స్టార్టరు పెట్టాక నెమ్మదిగా ఆ బెడద తగ్గింది. పుస్తకం నాలుగు పేజీల్లో చెప్పింది ఆ డ్రైవరు రెండు మాటల్లో చెప్పాడు. అలాంటివాళ్ళకు తెలిసింది వాళ్ళతోనే పోయింది చాలాసార్లు, అడిగి రాసుకున్నవాళ్ళు లేక. మీరైనా అడిగి రాసుకోండి.

బొంత పోలిక వదిలేశాననుకుంటున్నారా? దారం సంగతి మిగిలే ఉంది. ముక్కల్ని పట్టి ఉంచేది దారం, కారు భాగాల్ని పట్టి ఉంచేది బోల్టులు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషాయన బోల్టు థ్రెడ్డుకి ఒక కొలత పెట్టాడు, ఆ గాడి కోణం 55 డిగ్రీలు. ఇప్పటి మెట్రిక్ బోల్టు గాడి కోణం 60. కంటికి రెండూ ఒకటే. పాత బ్రిటిష్ కారులో నట్టు పోయిందని ఇప్పటిది తెచ్చి తిప్పితే, ఒకటి రెండు చుట్లు సాఫీగా వెళ్ళి బిగుసుకుపోతుంది. "కొంచెం బలంగా తిప్పితే సరి" అనుకున్నవాడు థ్రెడ్డంతా పాడుచేస్తాడు. పానాల సంగతీ అంతే. విట్‌వర్త్ పానా మీద ఉండే అంకె పానా మూతి వెడల్పు కాదు, అది పట్టే బోల్టు లావు. తెలియనివాడికి ఏ పానా సరిపడదు. ఇక్కడికొచ్చేసరికి నా పోలిక చిరిగిపోతోంది, ఒప్పుకోవాలి. బొంతలో తప్పు ముక్క పడితే చూడ్డానికి బాగుండదు, అంతే. కారులో తప్పు బోల్టు పడితే చక్రమే ఊడిపోతుంది.

అందుకే ఎక్కడో ఒక్కచోట చదివింది నమ్మి పానా పట్టుకోకూడదు. ఒకరు పొరపాటు రాస్తే పదిమంది దాన్నే ఎత్తి రాస్తారు. అమ్మకాల కరపత్రాల్లో బొమ్మ గీసేవాళ్ళు కారుని ఉన్నదానికంటే కాస్త పొడుగ్గానూ పల్లంగానూ గీసేవారు, అది చూసి రేకు కొలతలు తీస్తే అయినట్టే. మెకానిక్కుల పుస్తకం మేలు, అదీ ఆ కారు ఏడాదిదే అయితే. పుస్తకం ఒకటి చెప్పి కారు ఇంకోటి చూపిస్తుంటే, ఆ కారుని ఎరిగిన మనుషుల్ని అడగాలి. బ్రిటన్‌లో వెటరన్ కార్ క్లబ్ 1930 నుంచి ఉంది. చాలా పాత కారు ఏ ఏడాదిదో తేల్చడం వాళ్ళకి పెద్ద పని. అమెరికాలో 1935లో పెట్టిన పాత కార్ల క్లబ్బుకి హెర్షీ ఊళ్ళో గ్రంథాలయమే ఉంది. ఫివా అనే అంతర్జాతీయ సంస్థ 30 ఏళ్ళు దాటితేనే చారిత్రక వాహనం కింద లెక్కేస్తుంది. ఆ లెక్కన మీరు పుట్టకముందు మీ నాన్న నడిపిన బండి కూడా అందులో చేరే రోజు ఎంతో దూరంలో లేదు.

ఇంకా చెప్పొచ్చు గాని, చదివితే ఎంత తెలుస్తుంది? లేచి ఏదైనా కారు దగ్గరికి వెళ్ళండి, పాతదే కానక్కర్లేదు. యజమానిని అడిగి, ముట్టుకోకుండా చుట్టూ తిరిగి చూడండి. అద్దం మూల సన్నగా అచ్చులుంటాయి. దీపం గాజు మీద చేసినవాడి పేరుంటుంది. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు విడిగా ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం చేసిన టైరన్నమాట. పాత కారైతే రేడియేటరు కింద కడ్డీ దూర్చే బెజ్జం ఉందేమో వంగి చూడండి. అంకెలు ఉన్నవి ఉన్నట్టే రాసుకోండి, సున్నానో ఓ అక్షరమో తెలియకపోతే అలాగే గీసిపెట్టండి. ఆ బండిలో ఏ ముక్క అన్నిటికంటే కొత్తదో కనిపెట్టి నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య

తా.క.: పాత కారు బ్రేకు డ్రమ్ము విప్పి ఉంటే దగ్గరికి వెళ్ళకండి, అందులో దుమ్ముని నోటితో ఊదనే ఊదకండి. వెనకటి బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ వాడేవారు, ఆ పీచు ఊపిరితిత్తుల్లోకి వెళితే మళ్ళీ బయటికి రాదు. ఈ మాట మెకానిక్కుకి కూడా చెప్పండి, ఏమీ అనుకోడు.