అక్కకు లూపస్ ఉంటే తిల్లి సంగతి

బిడ్డలారా,

ఆదివారం పొద్దున మన నల్లగొండలో మటన్ దుకాణానికి పోయినప్పుడు, కార్జం పక్కన నాలుకలా పొడుగ్గా, ముదురు ఊదారంగులో ఒక మెత్తటి ముక్క చూసే ఉంటారు. అదే తిల్లి. పుస్తకాల్లో ప్లీహం అని రాస్తారు. మనిషికి ఎడమ పక్కటెముకల కింద ఉంటుంది, పెద్దవాళ్లలో సుమారు 150 గ్రాములు.

అది చాటలాంటిది. 120 రోజులు తిరిగి ముసలివైన ఎర్రకణాలను చెరిగేస్తుంది. కొత్త కణాల్లో మిగిలిన కేంద్రకం ముక్కలను బియ్యంలో రాళ్లలా ఏరేస్తుంది. న్యుమోకాకస్ లాంటి, ఒంటి మీద జిగురు తొడుగున్న బ్యాక్టీరియాను రక్తంలో పట్టేది కూడా ముఖ్యంగా అదే.

లూపస్‌లో ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడుతుంది. తిల్లి కొంత ఉబ్బడం కొంతమందిలో చూస్తాం. అరుదుగా కొందరిలో అది ఉండి కూడా పని మానేస్తుంది. స్కానింగ్‌లో సైజు బాగానే కనిపించొచ్చు, అక్కడే మోసపోతాం. రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూడాలి. ఎర్రకణంలో ఆవగింజంత ముదురు చుక్క కనిపిస్తే అది హోవెల్-జాలీ బాడీ. చాట ఏరకుండా వదిలేసిన రాయి అన్నమాట.

రక్తం గడ్డకట్టించే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉన్నవాళ్లలో తిల్లి రక్తనాళం మూసుకుపోయి కొంత భాగం చచ్చిపోవచ్చు. ఎడమ డొక్కలో ఉన్నట్టుండి పోటు లేస్తుంది, భుజం దాకా పాకొచ్చు. తిల్లి పగలడం మరీ అరుదు. నొప్పితోపాటు మనిషి పాలిపోయి, చల్లటి చెమటలు పట్టి, కళ్లు తిరిగితే వెంటనే 108కి ఫోన్ చేయండి.

అన్నిటికంటే నాకు భయం జ్వరమంటే. తిల్లి పనిచేయని మనిషికి పొద్దున చలిజ్వరం వస్తే రాత్రికల్లా బీపీ పడిపోవచ్చు. 100.4 డిగ్రీలు దాటితే ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు, పెద్ద దవాఖానకు తీసుకుపోవాలి. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే జ్వరం పైకి కనిపించకపోవచ్చు, కాబట్టి వణుకు వచ్చినా అంతే. ఆ మాత్రలను మాత్రం సొంతంగా ఆపకూడదు. న్యుమోకాకస్, మెనింగోకాకస్, హిబ్ (హీమోఫిలస్ అనే బ్యాక్టీరియా) టీకాలు, ఏటా ఫ్లూ టీకా గురించి డాక్టర్‌ను అడగాలి. ఒంటి రక్షణ శక్తిని తగ్గించే బలమైన మందులు మొదలుపెట్టకముందే వేయిస్తే బాగా పనిచేస్తాయి. తిల్లి పనిచేయని మనిషిని కుక్క కరిస్తే రేబిస్ టీకాతో సరిపోదు, అదే రోజు యాంటీబయాటిక్ కూడా కావాలి.

అక్క తిల్లి పనిచేయడం లేదని పరీక్షలో తేలితే, మీలో ఎవరి రాత గుండ్రంగా ఉంటే వాళ్లు ఒక చీటీ రాసి అక్క పర్సులో పెట్టండి: "నాకు లూపస్ ఉంది. తిల్లి పనిచేయడం లేదు. జ్వరం వస్తే యాంటీబయాటిక్ ఆలస్యం చేయొద్దు." కింద వాడుతున్న మందులు, వేసిన టీకాల తేదీలు.

మీ తాత