చీమ పారేసిన గింజ

ఆముదం గింజ ఒకటి అరచేతిలో పెట్టుకుని చూడండి (నోట్లో మాత్రం పెట్టుకోకండి, విషం). మచ్చలతో నున్నగా మెరుస్తుంటుంది. ఒక కొసన మాత్రం లేత రంగు బొడిపె ఉంటుంది, ఎవరో చిన్న మైనం ముద్ద అంటించినట్టు. గోటితో గిల్లితే ఊడొస్తుంది. లోపలి మొలకకు అది తిండి కాదు, రక్షణా కాదు. మరి మొక్క అంత కొవ్వు పోసి దాన్నెందుకు తయారుచేసినట్టు?

చీమల కోసం. అది రవాణా కూలి.

స్వీడన్ వృక్షశాస్త్రవేత్త రట్గర్ సెర్నాండర్ 1906లో దీనికి ఎలయోజోమ్ అని పేరు పెట్టాడు. గ్రీకులో 'నూనె ముద్ద' లాంటి అర్థం. ఇలా చీమలకు కూలిచ్చి విత్తనాలు మోయించుకునే మొక్కలు 11,000 జాతులకు పైగానే ఉన్నాయి. వాటిలో నేలబారు మొక్కలే కాదు, ఆస్ట్రేలియా తుమ్మల్లాంటి చెట్లూ ఉన్నాయి.

ఈ బొడిపెలోని కొవ్వు మామూలు విత్తనాల నూనెలా ఉండదు, పురుగు ఒంట్లో ఉండే కొవ్వుకు దగ్గరగా ఉంటుంది. అందులో ముఖ్యమైంది ఒలీయిక్ ఆమ్లం. చచ్చిన చీమ నుంచి వచ్చేదీ అదే. ఈ ఆమ్లం పూస్తే బతికున్న చీమను కూడా తోటి చీమలు, కాళ్లు కొట్టుకుంటున్నా వినకుండా, ఎత్తుకెళ్లి చెత్తలో పడేస్తాయని అమెరికా చీమల శాస్త్రవేత్త ఎడ్వర్డ్ విల్సన్ 1950లలోనే చూపించాడు. వాసన తగిలిందా, చీమ ఎత్తుకోవాల్సిందే. చెట్టు సరిగ్గా ఆ బలహీనత మీదే దెబ్బ కొట్టింది.

గింజ పుట్టలోకి చేరుతుంది. చీమలు బొడిపె కొరికి తమ పిల్ల పురుగులకు పెడతాయి. మిగిలిన గింజ పెంకు గట్టిది, దాన్ని పగలగొట్టడం ఆ దవడల వల్ల కాదు. పనికిరాని వస్తువు కాబట్టి చెత్త వేసే గదిలోకో, పుట్ట బయటి కుప్ప మీదికో పోతుంది. చచ్చిన పురుగులు, తిని వదిలేసినవి కుళ్లే చోటు అది. గుల్లబారిన మట్టి, పక్కనే ఎరువు! నారుమడికి ఇంతకన్నా ఏం కావాలి?

ఎంత దూరం మోస్తాయి అంటే, చెప్పుకోదగ్గంత కాదు. సగటున రెండు మీటర్లు. ఆస్ట్రేలియాలో ఒక తుమ్మ గింజ 180 మీటర్లు వెళ్లిన మాట నిజమే కానీ అది అరుదు. అసలు లాభం దూరంలో కన్నా దాచిపెట్టడంలోనే ఉందనిపిస్తుంది నాకు. నేల మీద ఉంటే ఎలకలు తింటాయి, కార్చిచ్చు కాల్చేస్తుంది. నాలుగు వేళ్ల లోతున ఉన్న తుమ్మ గింజకు అదే మంట వేడి తగిలి పెంకు చిట్లుతుంది, నీరు లోపలికి దిగుతుంది, మొలక వస్తుంది.

బొడిపె లేని గింజలకూ చీమ సాయం అందుతుంది. బ్రెజిల్‌లో హైమెనియా అనే పెద్ద చెట్టు ఉంది, మన చింతకు దూరపు చుట్టం. దాని గింజ చుట్టూ పిండి లాంటి గుజ్జు. కింద పడ్డ గింజకు ఆ గుజ్జు అలాగే అంటుకుని ఉంటే బూజు పట్టి కుళ్లిపోతుంది. బూజును సాగుచేసుకునే బుల్లి చీమలు కొన్ని వచ్చి, తమ తోటకు ఎరువుగా ఆ గుజ్జంతా గీక్కుపోతాయి. గింజ అంగుళం కూడా కదలదు, కానీ శుభ్రంగా మిగిలి మొలకెత్తుతుంది. 1995లో ఈ సంగతి అచ్చయింది.

అయితే ఏ చీమైనా సరిపోదు. దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతపు పొదల్లోకి అర్జెంటీనా చీమలు చొరబడ్డాయి. ఇవి గింజను పుట్టకు తీసుకెళ్లవు. ఉన్నచోటే బొడిపె తినేసి, గింజను ఎండలో వదిలేసి పోతాయి. తర్వాత ఎలకల వంతు. 1984లో అచ్చయిన ఒక పరిశోధనలో స్థానిక చీమలున్న చోట నూటికి 35 గింజలు మొలిచాయి. అర్జెంటీనా చీమలున్న చోట నూటికి ఒకటి కూడా మొలవలేదు.