పర్యావరణ సంస్థల్లో ఎవరికి చోటుంది? అపోహలు - వాస్తవాలు

చెరువులు, అడవులు, విత్తనాల మీద పనిచేసే సంస్థల్లో ఉన్నాను కాబట్టి ఈ మాటలు దాదాపు ప్రతి మీటింగ్‌లో వింటుంటాను.

అపోహ: మా పని చెట్లతో, కులంతో మాకేం సంబంధం?

వాస్తవం: చెరువు గట్టెక్కితే మొదట ఎదురయ్యేది కులమే. నీళ్లు ఎవరి పొలానికి పారతాయి, చేపల హక్కు ఎవరిది, పూడిక మట్టి ఎవరి చేలోకి పోతుంది? భూమిలేని వాళ్లెవరూ కూర్చోని చోట మనం గీసే మ్యాప్ భూమి ఉన్నవాళ్ల మ్యాపే అవుతుంది.

అపోహ: కమిటీలో మహిళల పేర్లున్నాయిగా.

వాస్తవం: ఉంటాయి. ఊరి మొక్కలు, జంతువులు, విత్తనాల వివరాలు రాసి కాపాడాల్సిన గ్రామ జీవవైవిధ్య కమిటీల్లో మూడో వంతుకు తగ్గకుండా మహిళలు, 18 శాతానికి తగ్గకుండా ఎస్సీ, ఎస్టీలు ఉండాలని 2004 నిబంధనల్లోనే రాశారు. కానీ పత్తి ఏరే రోజుల్లో పొద్దున పదకొండింటికి మీటింగ్ పెడితే కూలి పోగొట్టుకుని ఎవరొస్తారు? సాయంత్రం రిజిస్టరే ఇంటికెళ్తుంది, వేలిముద్ర పడుతుంది, ఏ గట్టు మీద ఏ ఆకుకూర మొలుస్తుందో ఆమెకు తెలిసినదంతా ఆమె దగ్గరే ఉండిపోతుంది. రాత్రి అన్నాలయ్యాక, వాడలోనే పెట్టండి. పగలు తప్పకపోతే కూలి డబ్బులివ్వండి, ఆ ఖర్చు బడ్జెట్‌లో ముందే రాసుకోండి.

అపోహ: తీసుకుందామనే ఉంది, అర్హత ఉన్నవాళ్లు దొరకట్లేదు.

వాస్తవం: ఈ మాటకు నాకు నిజంగానే కోపమొస్తుంది. ప్రకటన ఇంగ్లిష్‌లో, ఇంటర్వ్యూ హైదరాబాద్‌లో, పైగా జీతం లేని ఇంటర్న్‌షిప్ చేసి ఉండాలి! నల్లమలలో అడుగుజాడ చూసి ఏ జంతువో, ఎటు వెళ్లిందో చెప్పే చెంచులు ఏళ్ల తరబడి రోజుకూలీ మీదే ఉంటారు, వాళ్లు చూపించింది నోట్ చేసుకున్నవాళ్లు మాత్రం ఆఫీసర్లవుతారు. జహీరాబాద్ వైపు చూడండి. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు, వాళ్లలో బడి మొహం చూడనివాళ్లే ఎక్కువ, పాత పంటల విత్తనాలు కాపాడారు, కెమెరా పట్టారు, 2008లో మాచునూరులో సంఘం రేడియో మొదలుపెట్టారు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది.

అపోహ: బోర్డులో ఎవరుంటే ఏంటి, లక్ష్యం మంచిదైతే చాలు.

వాస్తవం: కొన్ని వన్యప్రాణి సంస్థలు, మరికొందరు వేసిన కేసులోనే 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, అటవీ హక్కుల చట్టం కింద అడవి భూమి మీద హక్కు కోరుతూ పెట్టుకున్న దరఖాస్తులు తిరస్కరణకు గురైన వాళ్లను ఖాళీ చేయించమంది. దేశమంతా లక్షల కుటుంబాలు. గొడవయ్యాక అదే నెల 28న ఆ ఉత్తర్వును నిలిపేసింది. పోడు చేసుకునే ఇంటి నుంచి వచ్చిన మనిషి బోర్డులో ఓటున్న సభ్యురాలిగా ఉంటే, కోర్టుకెళ్లే ముందే ఆ దరఖాస్తులు ఎందుకు తిరస్కరించారో, గ్రామసభను అడిగారో లేదో చూద్దామని పట్టుబడుతుంది.