వీడియోకి నత్తి ఎందుకొచ్చింది?

బుజ్జీ, చిన్నా,

ఇద్దరికీ ఆశీస్సులు. ఫోన్లో తీసిన వీడియో ఫోన్లో నున్నగా ఆడుతోందనీ, అదే కంప్యూటర్లో ఎడిటింగ్‌కి పెట్టి వెనక్కి జరిపితే నత్తి పడుతోందనీ రాశారు. "ఫైలు చిన్నదే కదా తాతయ్యా, మరి అంత బరువేంటి?" అని అడిగింది బుజ్జి. ఫైలు చిన్నది కాబట్టే బరువమ్మా! ఈ జబ్బు నాకు పాత చుట్టం. హై డెఫినిషన్ క్యామ్‌కార్డర్లు కొత్తగా ఇళ్లలోకి వచ్చిన రోజుల్లోనే పరిచయమైంది.

అంతకుముందు మా దగ్గర ఉన్నది డీవీ, అంటే డిజిటల్ వీడియో టేపు. 1995లో వచ్చింది. అరచేతిలో పట్టే క్యాసెట్, సెకనుకి 25 మెగాబిట్లు, గంట వీడియోకి దాదాపు 13 గిగాబైట్లు. అందులో ఒక్కో ఫ్రేమూ దేనికది విడిగా కుదించి ఉండేది. పక్క ఫ్రేముతో దానికి పని లేదు. ఎక్కడ కత్తిరించాలంటే అక్కడ కత్తిరించేవాళ్లం, కంప్యూటర్ కిక్కురుమనేది కాదు.

హెచ్‌డీ వచ్చేసరికి లెక్క మారిపోయింది. మీరే గుణించి చూడండి. 1920 అడ్డం, 1080 నిలువు. అంటే ఒక్క ఫ్రేములో 20,73,600 చుక్కలు. చుక్కకి మూడు బైట్లు వేసుకుంటే ఫ్రేముకి 62 లక్షల బైట్లు. సెకనుకి 25 ఫ్రేములంటే పదిహేనున్నర కోట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కదా, 25 మెగాబిట్ల టేపు మింగగలిగింది సెకనుకి 31 లక్షల బైట్లే. రంగు వివరాన్ని కాస్త తగ్గించి తీసుకున్నా సరే, ఏనుగుని చీమల పుట్టలో దూర్చడమే.

2003లో కానన్, షార్ప్, సోనీ, జేవీసీ కలిసి ఆ పని చేశాయి. దాని పేరు హెచ్‌డీవీ. అదే క్యాసెట్, 1080 గీతల బొమ్మకి అదే 25 మెగాబిట్లు. ఎలా పట్టించారంటే, ముందు వెడల్పుని 1920 నుంచి 1440కి తగ్గించి, చూసేటప్పుడు సాగదీశారు. అది చిన్న చిట్కా. పెద్ద చిట్కా ఎంపెగ్-2 కుదింపు.

ఒక పిల్ల ఉయ్యాల ఊగుతోందనుకోండి. మొదటి ఫ్రేములో గోడ, చెట్టు, తాళ్లు, పిల్ల అన్నీ పూర్తిగా ఉంటాయి. రెండో ఫ్రేములో మళ్లీ గోడెందుకు? "గోడ అక్కడే ఉంది, చెట్టూ అక్కడే ఉంది, ఉయ్యాల మాత్రం ఇన్ని చుక్కలు కుడికి జరిగింది" అని రాసుకుంటే చాలు. కొన్ని ఫ్రేములైతే ముందున్నదాన్నీ, తర్వాత రాబోయేదాన్నీ రెంటినీ చూసుకుని తమ బొమ్మ కట్టుకుంటాయి. సెకనుకి 25 ఫ్రేముల హెచ్‌డీవీలో ఇలా పన్నెండేసి ఫ్రేములు ఒక గుంపు. గుంపుకి పూర్తి బొమ్మ ఒక్కటే. మిగతా పదకొండూ దాని దగ్గర అప్పు తెచ్చుకున్నవే.

ఇప్పుడు ఎనిమిదో ఫ్రేము దగ్గర కత్తెర పెట్టండి. అక్కడ నిజానికి బొమ్మ లేదు, లెక్క ఉంది. కంప్యూటర్ మొదటి ఫ్రేము దాకా వెళ్లి, అక్కణ్నుంచి లెక్క కట్టుకుంటూ ఎనిమిదో దాకా రావాలి. వీడియో ముందుకి ఆడుతుంటే ఇబ్బంది లేదు, వరసలోనే వస్తుంది. వెనక్కి జరిపితే మాత్రం ప్రతిసారీ ఈ పరుగు తప్పదు. మీరు చూసిన నత్తి అదే.

ఈ అప్పుల వ్యవహారం నన్నొకసారి ఏడిపించింది కూడా. డీవీ టేపు మీద దుమ్ము పడితే ఒక ఫ్రేములో నాలుగు గళ్లు చెదిరేవి, అంతే. హెచ్‌డీవీలో పూర్తి బొమ్మ ఉన్నచోట దుమ్ము పడిందా, గుంపు గుంపంతా పోతుంది. అంటే దాదాపు అర సెకను. మీ బాబాయి వేదిక మీద పట్టా తీసుకుంటున్నప్పుడు నాకు అదే జరిగింది. చెయ్యి చాచాడు, బొమ్మ గడ్డకట్టింది, మళ్లీ కదిలేసరికి పట్టా వాడి చేతిలో ఉంది. అందుకున్న క్షణం మాత్రం టేపులో లేదు.

2006లో సోనీ, పానాసోనిక్ కలిసి ఏవీసీహెచ్‌డీ అని ఇంకోటి తెచ్చాయి. దీనికి టేపు అక్కర్లేదు. చిన్న డిస్కు, హార్డ్ డిస్కు, మెమరీ కార్డు, ఏదైనా సరే. కుదింపు హెచ్.264. ఎంపెగ్-2 కంటే చిన్న చిన్న గళ్లలో కదలిక వెతుకుతుంది, ఒకటికి మించి పాత ఫ్రేముల్ని తిరగేస్తుంది. అందుకే తక్కువ బిట్లలో మంచి బొమ్మ. కానీ ఆ మూట విప్పడానికి అప్పటి కంప్యూటర్లకి ఊపిరాడేది కాదు. క్లిప్పుని టైమ్‌లైన్ మీద పెట్టి నేను కాఫీకి వెళ్లిపోయేవాణ్ని.

దానికి విరుగుడు, ఎడిటింగ్‌కి ముందే మూట విప్పి పెట్టుకోవడం. 2007లో ఆపిల్ తెచ్చిన ప్రోరెస్ ఆ కోవలోదే. ప్రతి ఫ్రేమూ మళ్లీ దేనికది విడిగా ఉంటుంది, ఫైలు ఐదారు రెట్లు ఉబ్బుతుంది, కత్తెర హాయిగా తెగుతుంది. చుట్టూ తిరిగి డీవీ పద్ధతికే వచ్చామన్నమాట! మీ ఫోను వాడే హెచ్‌ఈవీసీ 2013 నాటిది, హెచ్.264కి తమ్ముడు, ఇంకా గట్టిగా మూట కడతాడు. కాబట్టి మీరు ప్రాక్సీలు చేసుకోండి. అంటే చిన్న సైజు నకళ్లు. కోతలన్నీ వాటి మీద చేస్తే, చివర్లో సాఫ్ట్‌వేరే అసలు ఫైళ్లని తెచ్చి పెట్టుకుంటుంది.

చిన్నా, ఏవీసీహెచ్‌డీ కెమెరా కార్డులోంచి ఎంటీఎస్ ఫైళ్లొక్కటే, అంటే వీడియో ఉన్నవి మాత్రమే, ఏరి దాచానన్నావు. నేనూ అదే తెలివి చూపించాను. ఆ కార్డుల్లో ఒక ఫైలు 4 గిగాబైట్లు దాటకూడదు గనక, పొడుగాటి రికార్డింగుని కెమెరా ముక్కలు చేస్తుంది. ఏ ముక్క తర్వాత ఏదో పక్క ఫోల్డర్లలో రాసి పెడుతుంది. వాటిని చెత్త అనుకుని నేను పారేశాను. కచేరీ మధ్యలో, సరిగ్గా అతుకు దగ్గర, పాట తెగి టిక్కుమంది. కార్డుని ఉన్నదున్నట్టు మొత్తం కాపీ చెయ్యి.

నాకు మాత్రం ఇప్పటికీ టేపంటేనే గురి. గంట టేపు ఎక్కించడానికి గంటా పట్టేది, నిజమే. కానీ టేపు నిండితే అరలో పెట్టేవాళ్లం, కార్డు నిండితే తుడిచేస్తున్నాం.

అన్నట్టు, అటక మీది డబ్బాలో పాత క్యాసెట్లున్నాయి. ఎక్కించేటప్పుడు పసుపు పిన్ను తీగ వాడకండి, అందులోంచి హెచ్‌డీ రాదు. కెమెరా సంచిలో ఫైర్‌వైర్ తీగ ఉంటుంది, దాంతో అయితే టేపు మీది బిట్లు ఉన్నవున్నట్టు దిగుతాయి. ముందు టేపుని ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పండి. "పట్టా" అని పెన్సిల్‌తో రాసినది మాత్రం నేనొచ్చేదాకా ముట్టుకోవద్దు. కెమెరాలో టేపుని చదివే హెడ్లు తుడిచి, ఇంకోసారి ఆడించి చూడాలి.

మీ తాతయ్య