తాత్కాలిక రాజధానుల డెబ్భై ఏళ్లు

గుంటూరు కోర్టు ఆవరణలో రాజధాని మాట వచ్చినప్పుడు వయసు మళ్లిన వకీళ్లు ముందుగా తలుచుకునేది అమరావతిని కాదు, 1954ను. ఆ ఏడాది జూలై 5న ఆంధ్ర రాష్ట్ర హైకోర్టు గుంటూరులో మొదలైంది. తర్వాతి కాలంలో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు దానికి తొలి ప్రధాన న్యాయమూర్తి. రెండేళ్ల నాలుగు నెలలు తిరగకముందే, 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, హైకోర్టు హైదరాబాదుకు తరలిపోయింది. కోర్టు వచ్చిందన్న సంబరమూ అది పోయిందన్న ఉసూరుమనడమూ ఒకే తరం చూసింది. కృష్ణకు ఇవతల తుళ్లూరు, మందడం గ్రామాల వాళ్లు ‘రాజధాని మళ్లీ పోతుందా’ అని అడిగినప్పుడు, ఆ అనుమానం 2019లో పుట్టిందని అనుకోవడం పొరపాటు.

ఈ తగాదాకు మొదటి కాగితం 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడిక. మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఇల్లు ‘శ్రీబాగ్’ పేరే దానికి పేరైంది. కోస్తా వాళ్లతో కలిస్తే నీళ్లలోనూ పదవుల్లోనూ చదువుల్లోనూ తమకు మిగిలేది ఏమీ ఉండదని రాయలసీమ నాయకులు భయపడితే, ఆ భయాన్ని పోగొట్టడానికి రాసుకున్న ఒప్పందం అది. రాజధాని, హైకోర్టు రెండూ ఒకే చోట కాకుండా కోస్తాలో ఒకటి, సీమలో ఒకటి ఉండవచ్చుననీ, ఏది కావాలో కోరుకునే హక్కు సీమదేననీ అందులో ఉంది. చట్టబలం లేకపోయినా ఇన్నేళ్లుగా అది బతికే ఉంది. తమకు పనికొచ్చిన వాక్యాన్ని అందులోంచి ప్రతి పక్షమూ తీసుకుంటూనే ఉంది.

పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ తర్వాత 1953లో రాష్ట్రం రావడం ఖాయమైనప్పుడు మద్రాసు నగరం మనకు దక్కదని తేలిపోయింది. అప్పుడు రాజధాని ఎక్కడన్న ప్రశ్న నిజంగా ముందుకు వచ్చింది. కమ్యూనిస్టులు విజయవాడ–గుంటూరు ప్రాంతాన్నే పట్టుబట్టారు. రైలు కూడలి, ఆనకట్ట, పత్రికలు, అచ్చు యంత్రాలు, జనం అన్నీ ఇక్కడే ఉన్నాయన్నది వాదన. ప్రకాశం పంతులు శ్రీబాగ్ మాటను నిలబెట్టి కర్నూలును ఒప్పించారు. అక్టోబరు 1న నెహ్రూ చేతుల మీదుగా రాష్ట్రం మొదలైన నాడు కర్నూలులో ఆఫీసులకు చాలినన్ని భవనాలు లేక గుడారాలు వేశారు. ఆ గుడారాల్ని ఎగతాళి చేయడం మన ప్రాంతంలో ఒక అలవాటు. నన్నడిగితే ఆ గుడారాల్లో ఒక నిజాయితీ ఉంది: అది తాత్కాలికమని చెప్పారు, చూసిన వాళ్లకూ తాత్కాలికంగానే కనిపించింది, దాన్ని నమ్మి ఏ రైతూ పొలం రాసివ్వలేదు.

1956 తర్వాత హైదరాబాదు సిద్ధంగా ఉంది కాబట్టి ప్రశ్న నిద్రపోయింది. 1972–73 జై ఆంధ్ర ఉద్యమంలో ఒకసారి కదిలి మళ్లీ సద్దుమణిగింది.

2014 విభజన చట్టం ఆ ప్రశ్నను తిరిగి మన ముందుకు తెచ్చిన తీరును కాస్త నిదానంగా చూడాలి. అయిదో సెక్షను ప్రకారం పదేళ్లకు మించని కాలం హైదరాబాదు ఉమ్మడి రాజధాని; ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు ‘కొత్త రాజధాని’ ఉంటుంది. ఆ ఊరి పేరు మాత్రం చట్టంలో రాయలేదు. ఆరో సెక్షను కింద కేంద్రం వేసిన శివరామకృష్ణన్ కమిటీ ఆ ఏడాది ఆగస్టు చివర్లో నివేదిక ఇచ్చింది. విజయవాడ–గుంటూరు మధ్య పండే భూముల్లో ఒకే మహానగరం కట్టవద్దనీ, ప్రభుత్వ కార్యాలయాలను రాష్ట్రమంతటా పంచి పెట్టడం మేలనీ అది హెచ్చరించింది. పది రోజులు తిరగకుండానే, సెప్టెంబరు 4న, ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు రాజధాని విజయవాడ పరిసరాల్లోనేనని శాసనసభలో ప్రకటించారు. నడిమధ్యనున్న చోటు అన్న కారణం కాదనలేనిదే. కానీ నిపుణుల నివేదిక మీద సభలో ఒక పూట నిండా చర్చ జరిగి ఉంటే, అయిదేళ్ల తర్వాత ఎదుటి పక్షానికి ఆ నివేదిక అంత పదునైన ఆయుధం అయ్యేది కాదు.

భూసేకరణకు డబ్బు లేదు, 2013 చట్టం ప్రకారం సేకరిస్తే ఏళ్లు పడుతుంది. అందుకని 2014 డిసెంబరులో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) చట్టం చేసి, భూ సమీకరణ అనే దారి పట్టారు. 29 గ్రామాల్లో సుమారు 34 వేల ఎకరాలను 28 వేల మందికి పైగా రైతులు ఇచ్చారు. రొక్కం తీసుకోలేదు. ఎకరం మెట్ట ఇచ్చిన వాళ్లకు అభివృద్ధి చేసిన ప్లాటుగా 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం వస్తాయి. జరీబు, అంటే కృష్ణ ఒడ్డున తక్కువ లోతులోనే నీరు తగిలే నేల, అయితే వాణిజ్య స్థలం 450 గజాలు. పదేళ్ల పాటు కౌలు ఇస్తామన్నారు: మెట్టకు ఏటా 30 వేలు, జరీబుకు 50 వేలు, దాని మీద ఏటేటా 10 శాతం చొప్పున పెంపు. భూమి లేని కూలీ కుటుంబాలకు మొదట్లో నెలకు 2,500 రూపాయల పింఛను. ఉండవల్లి, పెనుమాక వాళ్లు జరీబులో ఏడాది పొడవునా కూరగాయలు, పూలు తీసేవాళ్లు కాబట్టే సమీకరణను గట్టిగా అడ్డుకున్నది కూడా ఆ ఊళ్లే. మెట్ట రైతు లెక్క వేరు. వానను నమ్ముకొని పత్తి వేసేవాడికి కౌలు డబ్బు కంటికి ఆనింది.

రైతులు సంతకాలు చేసిన కాగితాల్లో రెండింటి పేర్లు ఈ ఊళ్లలో పిల్లలకు కూడా తెలుసు. 9.3 అంటే భూమి ఇవ్వడానికి అంగీకారపత్రం. 9.14 అంటే అభివృద్ధి ఒప్పందం, దానితో పాటే రద్దు చేసుకోవడానికి వీల్లేని జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ. ఆ ‘వీల్లేని’ అన్న మాట దగ్గర ఆగాలి. సంతకం చేసిన రైతు వెనక్కి పోకూడదు. మరి చేయించుకున్న ప్రభుత్వం వెనక్కి పోవచ్చా? దాని సంగతి అప్పుడు ఎవరూ అడగలేదు.

2015 అక్టోబరు 22న ప్రధాని నరేంద్ర మోదీ ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన చేశారు. ఊరూరి నుంచి మట్టి, నీరు తెచ్చి పోశారు. తర్వాత కట్టినవాటికి మళ్లీ పాత పేరే వచ్చింది: 2016లో వెలగపూడిలో తాత్కాలిక సచివాలయం, 2017 మార్చి నుంచి దాని పక్కనే తాత్కాలిక శాసనసభ, 2019లో నేలపాడులో తాత్కాలిక హైకోర్టు. శాశ్వత భవనాల నమూనాలు పత్రికల్లో రంగుల్లో వచ్చేవి. పునాదుల గుంటల్లో వాన నీరు నిలిచేది.

2019 డిసెంబరు 17న ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి మూడు రాజధానుల ఆలోచనను సభ ముందు పెట్టారు: విశాఖలో పాలన, అమరావతిలో శాసనసభ, కర్నూలులో హైకోర్టు. దీన్ని కక్షగా మాత్రమే చూడడం ఇక్కడ చాలామందికి సులువు. అయితే వాదనగా చూస్తే అందులో శ్రీబాగ్ ఉంది, శివరామకృష్ణన్ నివేదిక ఉంది, హైదరాబాదు ఒక్కదాన్నే పెంచి 2014లో పోగొట్టుకున్న అనుభవమూ ఉంది. లోపం వాదనలో కన్నా వేళలో ఉంది. ఇవే మాటలు 2014 సెప్టెంబరులో అంటే అది విధాన చర్చ. 9.14 మీద వేల సంతకాలు పడ్డాక అంటే అది ఒప్పందాన్ని తప్పడం.

ఆ తర్వాతి రెండేళ్లు శాసన వ్యవస్థకు గర్వకారణం కావు. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లులను శాసన మండలి సెలెక్ట్ కమిటీకి పంపితే, మండలినే రద్దు చేయాలని శాసనసభ తీర్మానించింది. 2021 నవంబరులో ఆ తీర్మానాన్నీ వెనక్కి తీసుకుంది, అంతకు ఒక రోజు ముందు మూడు రాజధానుల చట్టాలనూ తీసుకుంది. ఆ నెలలోనే ఆకుపచ్చ కండువాలతో రైతులు తుళ్లూరు నుంచి తిరుపతికి నడుస్తున్నారు. 2022 మార్చి 3న హైకోర్టు త్రిసభ్య ధర్మాసనం, రైతులతో చేసుకున్న ఒప్పందం ప్రభుత్వాన్ని కట్టి ఉంచుతుందనీ, రాజధానిని మార్చే అధికారం శాసనసభకు లేదనీ చెప్పింది. ఆ తీర్పులో పనులకు పెట్టిన గడువుల మీద సుప్రీంకోర్టు నవంబరులో స్టే ఇచ్చింది. పవర్ ఆఫ్ అటార్నీలో రైతుకు మాత్రమే వేసిన ముడి రెండో కొసకు కూడా వర్తిస్తుందని మొదటిసారి చెప్పింది ఆ మార్చి తీర్పే.

2024 జూన్ 2తో ఉమ్మడి రాజధాని గడువు తీరింది. ప్రభుత్వమూ మారింది. ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు అప్పులతో పనులు మొదలయ్యాయి; 2025 మే 2న ప్రధాని మళ్లీ వచ్చి వాటిని తిరిగి ప్రారంభించారు. అంతకు ముందు చేయవలసి వచ్చిన మొదటి పని కంప కొట్టించడం. అయిదేళ్లలో ముళ్ల చెట్లు మనిషి ఎత్తు దాటి, రాళ్లు పాతిన చోట రాళ్లు కనబడక, కాగితం మీద నంబరున్న ప్లాటు నేల మీద ఎక్కడుందో సర్వేయరు వస్తే గాని యజమానికి తెలియని స్థితి వచ్చింది.

రెండో విడత సమీకరణ ప్రతిపాదనతో అధికారులు గ్రామసభలు పెట్టినప్పుడు పత్తి రైతులు కూడా మొదట కౌలు రేటు అడగలేదు. మొదటి విడతలో ఇచ్చిన వాళ్ల ప్లాటుకు రోడ్డు, కాలువ, కరెంటు ఎప్పటికి వస్తాయో చెప్పమన్నారు.