స్పానిష్ క్లాసులో తెలుగు పిల్లలు: అపోహలు, వాస్తవాలు

బెంగళూరు డిగ్రీ కాలేజీల్లో అడ్మిషన్ ఫారం నింపేటప్పుడు మన పిల్లల పెన్ను ఆగేది ఒక్క చోటే, సెకండ్ లాంగ్వేజ్ దగ్గర. కన్నడ చదవడం రాదు, హిందీ అంటే విసుగు, సంస్కృతం ఇంటర్‌లో మార్కుల కోసం రాసి వదిలేశారు. జాబితాలో స్పానిష్ కనబడగానే టిక్ పెట్టేస్తారు. నేను చెప్పే బిగినర్స్ బ్యాచ్‌లో హిందూపురం, మదనపల్లె, కర్నూలు, ఒంగోలు పిల్లలు ఏటా ఉంటారు. వాళ్ళతో పాటు కొన్ని గట్టి నమ్మకాలూ క్లాసులోకి వస్తాయి. కొన్ని సీనియర్లు ఎక్కించినవి, కొన్ని యూట్యూబ్‌వి, కొన్నైతే నేరుగా పాఠ్యపుస్తకాల్లోవే.

అపోహ: స్పానిష్ స్కోరింగ్ సబ్జెక్ట్

"ఏం మేడం, ఇది స్కోరింగ్ అంట గదా?" అని తల్లిదండ్రులే అడుగుతారు. మొదటి సెమిస్టర్ వరకు నిజమే. పలకరింపులు, అంకెలు, వారాల పేర్లు, మా కుటుంబం, నా గది. వారం ముందు కూర్చున్నా గట్టెక్కుతారు. తర్వాత భూతకాలం మొదలవుతుంది, అదీ రెండు రకాలుగా: 'వెళ్ళాను' అనడానికి ఒకటి, 'వెళ్ళేవాణ్ణి' అనడానికి ఇంకొకటి. బట్టీ బ్యాచ్ అక్కడ జారుతుంది. మార్కుల కోసమే తీసుకుంటే రెండో సెమిస్టర్ సిలబస్ కూడా చూసి తీసుకోండి.

అపోహ: ఇంగ్లీష్ గట్టిగా వచ్చినవాళ్ళకే స్పానిష్ వస్తుంది

నేను ఎక్కువగా పోట్లాడేది దీనితోనే. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు మొదటి రోజే వెనక బెంచీ వెతుక్కుంటారు. ఇంటర్నేషనల్ స్కూల్ నుంచి వచ్చినవాళ్ళు ముందు కూర్చుంటారు. పదాల వరకు చూస్తే ముందు బెంచీకి లాభం ఉంది. రెండు భాషల్లోనూ లాటిన్ నుంచి వచ్చిన మాటలు బోలెడు కాబట్టి 'ఇంపొర్తాంతె', 'నసియోన్' లాంటివి ఎవరూ చెప్పకుండానే అర్థమవుతాయి. (ఆ ధైర్యంతోనే 'సిగ్గేసింది' అనబోయి 'ఎంబరసాదా' అంటారు. దాని అర్థం గర్భవతి.) వాక్యం కట్టే దగ్గర మాత్రం చాలాసార్లు ఇంగ్లీషే అడ్డం పడుతుంది.

'ఇష్టం' సంగతే చూడండి. కాఫీ ఇష్టమని చెప్పమంటే క్లాసులో సగం మంది 'యో గుస్తొ కఫే' అంటారు. ఇంగ్లీషులో 'ఐ లైక్' కాబట్టి 'నేను'తో మొదలుపెడతారు. స్పానిష్‌లో అది 'మె గుస్తా ఎల్ కఫే'. 'మె' అంటే నాకు. కాఫీ నాకు నచ్చుతుంది అన్నమాట. తెలుగులో పుట్టి పెరిగినవాడు 'నేను కాఫీ నచ్చుతాను' అని ఏనాడైనా అన్నాడా? పైగా మనం ఒక సినిమా అయితే 'నచ్చింది' అంటాం, రెండు అయితే 'నచ్చాయి' అంటాం. అక్కడా అంతే. ఒకటైతే 'మె గుస్తా', ఎక్కువైతే 'మె గుస్తాన్'. ఇంగ్లీష్ దారిలో వచ్చినవాళ్ళకు ఈ బహువచనం ఎందుకో తలకెక్కడానికి వారాలు పడుతుంది. నచ్చింది, నచ్చాయి అని బోర్డు మీద రాస్తే వెనక బెంచీకి ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది. 'మె దువేలె లా కబేసా' అంటే నాకు తల నొప్పిగా ఉంది. అదీ ఇదే అచ్చు.

'నేను', 'నువ్వు' ప్రతి వాక్యంలోనూ పెట్టనక్కర్లేదు. 'వస్తాను' అంటే ఎవరు వస్తారో మనకు క్రియే చెప్పేస్తుంది. 'ఆబ్లొ' అంటే మాట్లాడతాను, 'ఆబ్లాస్' అంటే మాట్లాడతావు. ఇంగ్లీష్ అలవాటున్న పిల్లలు ప్రతి వాక్యానికీ 'యో, యో' అని తగిలిస్తారు. తప్పు కాదు గానీ, ఎదుటివాళ్ళకు 'నేను, నేను' అని గుండెలు బాదుకుంటున్నట్టు వినిపిస్తుంది.

ఉచ్చారణలోనూ మనకు చేతికందేవి చాలా ఉన్నాయి. స్పానిష్ త, ద మన త, దలే. ఇంగ్లీష్ స్పెల్లింగ్ చూసి ట, డ అంటేనే పాడవుతుంది. 'పెరో' అంటే కానీ, 'పెర్రో' అంటే కుక్క. మొదటిదాన్లో ర మన 'పెరుగు'లో ర, రెండోదాన్లో ర్ర మన 'గొర్రె'లో ర్ర. అమెరికన్ విద్యార్థులు దీని కోసం నెలల తరబడి నాలుక తిప్పుతారు. ఎన్ మీద అలలాంటి గీత ఉండే అక్షరం కనబడితే మన ఞ గుర్తు తెచ్చుకోండి. ఒకటో తరగతిలో దిద్ది, ఆ తర్వాత ఎక్కడా పెద్దగా వాడని ఆ అక్షరం ఇక్కడ అక్కరకొస్తుంది.

అలాగని తెలుగు అన్నిటికీ మందు కాదు. 'నాకు ఇద్దరు తమ్ముళ్ళు ఉన్నారు' అనేదాన్ని మన పద్ధతిలో కడితే బోర్లా పడతారు. అక్కడ ఇంగ్లీష్‌లాగే 'తెంగొ' అనే క్రియ కావాలి. వయసుకు, ఆకలికి, దాహానికి కూడా అదే 'తెంగొ'. మీరు అనడానికి 'ఉస్తెద్' అని ఉంది గానీ దానికి 'అతను, ఆమె'లకు పెట్టే క్రియే పెట్టాలి. మర్యాద కాబట్టి మనవాళ్ళు బహువచనం పెట్టేస్తారు. పాతకాలంలో దొర ఎదుట నిలబడి 'ఏలినవారు ఏమంటారో' అన్నట్టు ఎదుటి మనిషిని మూడో మనిషిగా చేసి మాట్లాడిన మర్యాద అది. 'ఉస్తెద్' పుట్టింది కూడా 'తమ దయ' అనే అర్థమున్న పాత సంబోధన నుంచే.

అపోహ: సేర్ శాశ్వతం, ఎస్తార్ తాత్కాలికం

ఇంగ్లీష్ 'ఈజ్' ఒక్కదానికి స్పానిష్‌లో రెండు క్రియలు, సేర్, ఎస్తార్. ఏది ఎప్పుడు వాడాలో తేల్చడానికి సీనియర్ల నోట్సులోనూ, చాలా గైడ్లలోనూ ఈ ఒక్క లైనే ఉంటుంది. చార్మినార్ హైదరాబాద్ వదిలి ఎక్కడికీ పోదు. అయినా 'చార్మినార్ హైదరాబాద్‌లో ఉంది' అంటే ఎస్తార్. చనిపోయిన మనిషి లేచి రాడు. అక్కడా ఎస్తారే. మూడేళ్ళలో అయిపోయే చదువుకు 'నేను స్టూడెంట్‌ని' అంటే మాత్రం సేర్. శాశ్వతం, తాత్కాలికం ఎక్కడ నిలబడ్డట్టు?

తెలుగు పిల్లలకు నేను వేరే దారి చెప్తాను. వాక్యాన్ని ముందు తెలుగులో అనుకోండి. 'ఉండు' లేకుండా పూర్తయిందా, సేర్. 'ఉండు' కావాల్సి వచ్చిందా, ఎస్తార్.

నేను అనంతపురంవాణ్ణి. ఉండు లేదు, కాబట్టి 'సోయ్ దె అనంతపురం'. బెంగళూరులో ఉన్నాను. ఉండు ఉంది, కాబట్టి 'ఎస్తోయ్ ఎన్ బెంగళూరు'. ఈరోజు సోమవారం, ఇప్పుడు మూడు గంటలు, ఆవిడ డాక్టరు, ఇది మా అన్న పుస్తకం. అన్నీ సేర్. ఎలా ఉన్నావు అంటే 'కోమొ ఎస్తాస్', ఎలాంటివాడివి అంటే 'కోమొ ఎరెస్'. ఈ రెండో జంటను ఇంగ్లీషులో విడదీసి చెప్పడానికి పెద్ద వివరణ కావాలి. మనకు అడిగే తీరులోనే తేడా ఉంది.

ఇంకో ముచ్చట చెప్పి ఊరుకుంటాను. పుస్తకాల్లో 'మినహాయింపు' అని పెట్టెలో వేసే విషయం ఒకటుంది. వస్తువులు, మనుషులు ఎక్కడున్నారో చెప్పడానికి ఎస్తార్, కానీ వేడుక ఎక్కడ జరుగుతుందో చెప్పడానికి సేర్. మొన్న ఓరల్ టెస్టులో మదనపల్లె అమ్మాయి దీని దగ్గర ఆగిపోయింది. "పెళ్ళి ఎక్కడ?" అని తెలుగులో అడిగాను. "తిరుపతిలో మేడం" అంది. "పెళ్ళికూతురు?" "తిరుపతిలో ఉంది." అని, తన నోట్లోంచి వచ్చినవి తానే ఓసారి తిప్పి చూసుకుని, 'లా బోదా ఎస్ ఎన్ తిరుపతి, లా నోబియా ఎస్తా ఎన్ తిరుపతి' అంది, ఆగకుండా.

ఈ దారికీ ఒక గుంట ఉంది. తెలుగులో గుణాలు చెప్పేటప్పుడు 'గా ఉంది' వచ్చేస్తుంది. 'ఆమె పొడుగ్గా ఉంది', 'కాఫీ వేడిగా ఉంది'. రెంటికీ ఎస్తార్ పెడితే మొదటిది తప్పవుతుంది. మనిషి తీరు కాబట్టి 'ఎస్ ఆల్తా', కాఫీ ఇప్పుడున్న స్థితి కాబట్టి 'ఎస్తా కలియెంతె'. 'గా ఉంది' అని వచ్చినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగి 'పొడుగు మనిషా, ఇప్పుడలా ఉందా' అని మిమ్మల్ని మీరే అడగండి.

అపోహ: స్పానిష్ రాసినట్టే చదువుతారు, విన్నట్టే రాయొచ్చు

మొదటి సగం దాదాపు నిజం. నియమాలు పట్టుబడితే అర్థం తెలియని పేజీని కూడా చదివేయొచ్చు. రెండో సగం నిజం కాదు. హెచ్ పలకదు, కానీ రాయాలి. బి, వి రెండూ ఒకే శబ్దం. ఆవు అనే 'బాకా'కు వి, కారు మీద సామాను పెట్టే చట్రం 'బాకా'కు బి. స్పెయిన్‌లో పుట్టినవాళ్ళే వాట్సాప్‌లో 'చూద్దాం' అనే 'ఆ బేర్'నూ, 'ఉండటం' అనే 'అబేర్'నూ కలిపేస్తుంటారు.

మనకు అసలు కష్టం ఊనిక, అంటే మాటలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడం. తెలుగులో మాట అర్థం మార్చేది దీర్ఘం, ఊనిక కాదు. స్పానిష్‌లో మొదటి అక్షరం మీద బరువేస్తే 'ఆబ్లొ', మాట్లాడతాను. చివరి ఓ మీద వేస్తే 'అబ్లో', అతను మాట్లాడాడు. కాలమూ మారింది, మనిషీ మారాడు. సూత్రం చిన్నదే. మాట అచ్చుతోగానీ, ఎన్, ఎస్‌లతోగానీ ముగిస్తే చివరి నుంచి రెండో అక్షరం మీద, మిగతా హల్లులతో ముగిస్తే చివరిదాని మీద. ఇలా కానిచోట అచ్చు మీద గీత పెట్టి చూపిస్తారు. ఆ గీతను పిల్లలు అలంకారం అనుకుని వదిలేస్తారు. నా ఎర్ర పెన్ను సగం దాని మీదే అయిపోతుంది.

ఇంకోటి. చేతులు మారుతూ వచ్చే ఆ అరిగిపోయిన జిరాక్స్ నోట్సులో అక్షరమాల 29 అని ఉంటుంది. సిహెచ్‌ను, జంట ఎల్‌ను విడి అక్షరాలుగా లెక్కపెట్టే పద్ధతి అది. 2010 నాటి వర్ణక్రమ నియమాల్లో ఆ రెంటినీ జాబితా నుంచి తీసేశారు. ఇప్పుడు 27.

అపోహ: 'ఓ'తో ముగిస్తే పులింగం, 'ఆ'తో ముగిస్తే స్త్రీలింగం, అంతే

అంతే అయితే బాగుండు. 'మానొ' అంటే చెయ్యి, స్త్రీలింగం. 'దీయా' అంటే రోజు, పులింగం. 'ప్రొబ్లేమా', 'సిస్తేమా' లాంటి గ్రీకు మాటలూ పులింగమే. 'ఫోతొ', 'మోతొ' పొట్టి రూపాలు, వాటి పూర్తి మాటలు స్త్రీలింగాలు కాబట్టి ఇవీ అంతే. బల్లకు, కుర్చీకి లింగం ఏమిటని మన పిల్లలు నవ్వుతారు. పక్కన కూర్చున్న లక్నో అబ్బాయికి అది వింతగా ఉండదు, హిందీలో రోజూ చేసే పనే కాబట్టి. ఇక్కడ తెలుగు సాయం చేయదు. 'ఎల్', 'లా' తోడు లేకుండా ఏ నామవాచకాన్నీ నోట్సులోకి ఎక్కించకండి.

అపోహ: ఒక సర్టిఫికెట్ ఉంటే వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం

లెక్క వేసుకోండి. వారానికి మూడు గంటలు, 15 వారాలు. సెలవులు, ఫెస్టులు పోకుండా జరిగితే 45 గంటలు. భాష ఎంత వచ్చో కొలవడానికి ఎ1, ఎ2, బి1, బి2, సి1, సి2 అని ఆరు మెట్లు. మొదటి మెట్టు ఎ1 దాటడానికే 60 నుంచి 100 గంటలు కావాలంటారు. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్య సిబ్బందికి నేర్పే భాషల్లో స్పానిష్‌ను సులువైన వర్గంలోనే పెట్టింది. అయినా ఉద్యోగంలో వాడే స్థాయికి 600కు పైగా క్లాసు గంటలు లెక్క కట్టింది, అదీ ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్నవాళ్ళకు. ఇక్కడి కంపెనీల్లో స్పానిష్ కావాలని వచ్చే ప్రకటనల్లో సాధారణంగా బి2 అడుగుతారు, ఎ1 తర్వాత మూడో మెట్టు. రెజ్యూమెలో 'బేసిక్ స్పానిష్' అని రాసుకోవచ్చు, ఇంటర్వ్యూలో ఒకరు 'ఓలా' అంటే టెన్షన్ పడకుండా ఉండగలిగితే.

నిజంగా దీన్ని పట్టుకుని పోదామనుకునేవాళ్ళు కాలేజీ మార్కుల మీద కాకుండా డెలె అనే స్పానిష్ ప్రావీణ్య పరీక్ష మీద కన్నేయండి. స్పెయిన్ విద్యాశాఖ తరఫున సెర్వాంతెస్ సంస్థ నిర్వహిస్తుంది, ఢిల్లీలో వాళ్ళ కేంద్రం ఉంది. ఎ1 నుంచి సి2 దాకా ఏ స్థాయికి ఆ స్థాయి విడిగా రాయొచ్చు. ఆ డిప్లొమాకు గడువు తీరడమంటూ ఉండదు.

అపోహ: వాళ్ళు తుపాకీలా మాట్లాడతారు, మనకు వినబడదు

వేగం నిజమే. 2011లో అచ్చయిన ఒక ఫ్రెంచ్ పరిశోధనలో స్పానిష్‌లో సెకనుకు దాదాపు 8 అక్షరాలు, ఇంగ్లీషులో 6 పైచిలుకు పలుకుతున్నారని తేలింది. ఒక్కో అక్షరం మోసే విషయం మాత్రం స్పానిష్‌లో తక్కువ, కాబట్టి నిమిషంలో చేరే సమాచారంలో పెద్ద తేడా లేదు. సిరీస్ చూస్తూ నేర్చుకుంటామనే పిల్లలు ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే వచ్చేది ఇంగ్లీషే. స్పానిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకుని ఒకే రెండు నిమిషాలను మళ్ళీ మళ్ళీ వినండి.

అపోహ: స్పెయిన్‌దే అసలు స్పానిష్

20 దేశాలకు అధికార భాష, దాదాపు 50 కోట్ల మందికి మాతృభాష. వాళ్ళలో పదిమందిలో ఒకరు కూడా స్పెయిన్‌లో లేరు. ఎ, ఇల ముందు వచ్చే సి అక్షరాన్నీ, జెడ్ అక్షరాన్నీ నాలుక పళ్ళ మధ్య పెట్టి పలకడం స్పెయిన్‌లో ఎక్కువ ప్రాంతాల తీరు, లాటిన్ అమెరికాలో అవి మామూలు స. కారును స్పెయిన్‌లో 'కోచె' అంటే కొలంబియాలో 'కార్రొ' అంటారు. స్పెయిన్‌లో బస్సు 'పట్టుకోవడానికి' రోజూ వాడే 'కొఖేర్' అనే క్రియ మెక్సికోలో, అర్జెంటీనాలో బూతు. ఆ ఒక్కటి గుర్తుంచుకోండి చాలు. ఏ దేశపు తీరు నేర్చుకున్నా డెలెలో ఒప్పుకుంటారు. నా పేపర్లోనూ అంతే, కాకపోతే ఒకే జవాబులో మొదటి లైన్‌లో కోచె, మూడో లైన్‌లో కార్రొ కనబడితే చుట్టూ సున్నా చుడతాను.